ఎంపీకి ప్రపంచం చెప్పేదెవరు?

2025 సెప్టెంబర్ 19న అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు పెడుతూ ప్రకటన ఇచ్చారు. ఏటా కట్టాలన్నట్టు అక్కడి వాణిజ్య మంత్రే మొదట మాట్లాడారు. మర్నాడు వైట్‌హౌస్ ఆ మాట సవరించింది. ఫీజు ఒక్కసారే కట్టాలి, అదీ కొత్త దరఖాస్తులకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు వర్తించదు అని చెప్పింది. ఈ మధ్యలో హైదరాబాద్‌లో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో ఎంత టెన్షన్ పడ్డారో మనకు తెలిసిందే. అలాంటప్పుడు ఇక్కడ ఎప్పుడూ వినిపించే ప్రశ్న ఒకటుంది: మన ఎంపీలు ఏం చేస్తున్నారు?

ప్రశ్న న్యాయమైనదే. అయితే ఎంపీ ఏదైనా చేయాలంటే ముందు ఆయనకు కొన్ని సంగతులు తెలియాలి. ఆ ఫీజు అధ్యక్షుడి ప్రకటనతో వచ్చింది. ఏడాదికి 65 వేల వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి మరో 20 వేలు అన్న పరిమితి మాత్రం అక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్ చేసిన చట్టంలో ఉంది. గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికీ ఏడాదికి 7 శాతానికి మించి ఇవ్వకూడదన్నదీ చట్టమే. మొదటిది మారాలంటే వైట్‌హౌస్ అయినా మనసు మార్చుకోవాలి, కోర్టు అయినా కొట్టేయాలి. మిగతా రెండూ మార్చడం కాంగ్రెస్ చేతిలోనే ఉంది. ఉద్యోగ గ్రీన్‌కార్డులకు ఆ 7 శాతం పరిమితి ఎత్తేసే బిల్లు 2019లో ప్రతినిధుల సభలో 365-65 ఓట్లతో నెగ్గింది. 2020 డిసెంబర్‌లో సెనేట్ దాన్ని వేరే రూపంలో ఆమోదించింది. రెండు రూపాలకూ పొత్తు కుదరక బిల్లు అక్కడే ఆగిపోయింది. ఇది తెలిసిన ఎంపీ తనను కలవడానికి వచ్చిన అమెరికన్ ప్రతినిధుల బృందాన్ని అడిగే ప్రశ్న ఒకలా ఉంటుంది. తెలియని ఎంపీ ఇచ్చే ప్రెస్ స్టేట్‌మెంట్ ఇంకోలా ఉంటుంది.

మరి ఎంపీకి ఇవన్నీ ఎవరు చెప్పాలి? విదేశాంగ శాఖ చెబితే ప్రభుత్వ పక్షం వస్తుంది, పార్టీ చెబితే పార్టీ పక్షం. కంపెనీల తరఫున వచ్చేవాళ్లకు వాళ్ల అవసరం ఉంటుంది. ఈ ఖాళీని నింపడానికి కొన్ని దేశాల్లో చేస్తున్న ఏర్పాటే పార్టీలకు అతీతమైన నిపుణుల చర్చలు. అన్ని పార్టీల సభ్యులనూ, భిన్నాభిప్రాయాలున్న నిపుణులనూ ఒకే గదిలో కొన్ని రోజులు కూర్చోబెడతారు. తీర్మానం ఉండదు, ఓటింగ్ ఉండదు, చివర్లో ఉమ్మడి ప్రకటన కూడా ఉండదు.

ఎక్కడి యుద్ధం, ఎక్కడి చెరువు

ఈ అవసరం ఇప్పుడు ఎందుకు పెరిగిందో చెప్పడానికి భీమవరం చాలు. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకుల మీద ముందు 25 శాతం సుంకం వేసింది. ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం కలిపింది. ఈ రెండో భాగానికి చెప్పిన కారణం మనం రష్యా చమురు కొనడం. రష్యా చమురు మీద అమెరికా కన్నుపడటానికి కారణం ఉక్రెయిన్ యుద్ధం. అంటే తూర్పు యూరప్‌లో యుద్ధం, పశ్చిమాసియాకు పోటీగా రష్యా నుంచి వచ్చే ముడిచమురు, వాషింగ్టన్‌లో సంతకం, చివరికి గోదావరి జిల్లాల్లో రొయ్యల ధర. మన రొయ్యలకు అతి పెద్ద మార్కెట్ అమెరికాయే మరి. అదే సమయంలో హైదరాబాద్ ఫార్మా కంపెనీల జనరిక్ మందులను ఆ సుంకాల నుంచి మినహాయించారు. ఒకే ఉత్తర్వు పక్కపక్క రాష్ట్రాల వాళ్లను వేర్వేరుగా తాకింది.

ఇందులో ఏ ముక్కకు ఆ ముక్క తెలిసినవాళ్లు దొరుకుతారు. రొయ్యల ఎగుమతిదారుకు చమురు రాజకీయం తెలియదు, చమురు విశ్లేషకుడికి చెరువు లెక్క తెలియదు. ముక్కలన్నీ కలిపి చూడాల్సినవాడు ప్రజాప్రతినిధి. ఆయనేమో డాక్టరో, వ్యాపారో, లాయరో, ఉద్యమం నుంచి వచ్చిన కార్యకర్తో అయి ఉంటారు. అందులో తప్పేమీ లేదు, ప్రజాస్వామ్యం అంటేనే అది.

రాజ్యాంగం ఎంపీ చేతికి ఇచ్చిందెంత

విదేశీ వ్యవహారాలు పూర్తిగా కేంద్రం పరిధిలోవి. ఏడో షెడ్యూల్‌లోని కేంద్ర జాబితాలో 10వ అంశం విదేశీ వ్యవహారాలు, 14వ అంశం ఒప్పందాలు. అయితే 'కేంద్రం' అంటే ఆచరణలో మంత్రివర్గమే. అమెరికాలో ఒప్పందానికి సెనేట్‌లో మూడింట రెండొంతుల మద్దతు కావాలి. మన దగ్గర ప్రభుత్వం సంతకం పెట్టి, తానే ధ్రువీకరించవచ్చు. ఒప్పందాన్ని అమలు చేయడానికి దేశంలో చట్టం అవసరమైతేనే 253వ అధికరణ కింద పార్లమెంటు ముందుకు వస్తుంది. భూభాగం ఇచ్చిపుచ్చుకోవాల్సి వస్తే రాజ్యాంగ సవరణే కావాలి. బంగ్లాదేశ్‌తో సరిహద్దు ఒప్పందం కోసం 2015లో 100వ సవరణ చేసింది అందుకే.

కాబట్టి మన ఎంపీకి నేరుగా వీటో లేదు. కానీ సభ విశ్వాసం కోల్పోతే ప్రభుత్వమే పడిపోతుంది. 2008 జూలైలో అమెరికాతో అణు ఒప్పందం మీద వామపక్షాలు మద్దతు ఉపసంహరించుకున్నప్పుడు ప్రభుత్వం 275-256 ఓట్లతో గట్టెక్కింది. ఆ ఓటింగ్ రోజు దేశమంతా ఎవరు ఎటు ఓటేస్తారన్న లెక్కలే వేసింది. అణు ఒప్పందంలో నిజంగా ఏముందన్నది వెనక్కి పోయింది.

ఇక మిగిలింది పార్లమెంటు స్థాయీ సంఘం, అంటే ఒక్కో శాఖ పనిని పరిశీలించే ఎంపీల బృందం. శాఖల వారీ స్థాయీ సంఘాలు 1993లో మొదలయ్యాయి. ఇప్పుడు 24 ఉన్నాయి. విదేశీ వ్యవహారాల సంఘంలో 31 మంది సభ్యులు: లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. సమావేశాలు మూసిన తలుపుల వెనుక జరుగుతాయి, కెమెరాలు ఉండవు కాబట్టి అక్కడ పార్టీల అరుపులు తక్కువ. అధికారులను పిలిచి అడగవచ్చు, బయటి నిపుణులనూ పిలవవచ్చు. బలహీనతలూ ఉన్నాయి. సిఫారసులకు ప్రభుత్వం కట్టుబడాల్సిన పని లేదు. సంఘాలను ఏటా కొత్తగా వేస్తుంటారు, ఒక అంశం మీద పట్టు వచ్చేసరికి సభ్యుడు వేరే సంఘంలో తేలవచ్చు. బిల్లులు సంఘాలకు వెళ్లడం కూడా తగ్గింది: 15వ లోక్‌సభలో 71 శాతం వెళితే, 17వ లోక్‌సభలో 16 శాతమే వెళ్లాయి.

దేన్ని దేనితో కలపకూడదు

2025 మేలో ఆపరేషన్ సిందూర్ తర్వాత కేంద్రం ఏడు అఖిలపక్ష బృందాలను విదేశాలకు పంపింది. హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ ఒక బృందంతో గల్ఫ్ దేశాలకు వెళ్లారు, పురందేశ్వరి ఇంకో బృందంతో యూరప్ వెళ్లారు. చాలామంది దీన్నే పార్టీలకు అతీతమైన విదేశాంగ చర్చ అనుకున్నారు. పార్టీలకు అతీతమే, కానీ పని వేరు. ఆ బృందాలు దేశం మాట బయటికి చెప్పడానికి వెళ్లాయి. ఇక్కడ మాట్లాడుతున్నది తెలుసుకోవడానికి కూర్చునే సమావేశాల గురించి. మన పి.వి. నరసింహారావు 1994లో ప్రతిపక్ష నేత వాజ్‌పేయిని జెనీవాకు పంపింది కూడా మొదటి రకమే. కశ్మీర్ మీద పాకిస్తాన్ తెచ్చిన తీర్మానాన్ని చివరికి వెనక్కి తీసుకునేలా చేశారు. గొప్ప దౌత్యం అది. అందులో పాల్గొన్నవాళ్లకు విషయం ముందే తెలుసు కాబట్టే నడిచింది.

లాబీయింగ్‌లో అడిగేవాడికి కావలసిన ఫలితం ముందే ఉంటుంది, కాబట్టి అదీ వేరే. మంత్రిత్వ శాఖ బ్రీఫింగ్ కూడా వేరే, అధికారి ప్రభుత్వ విధానాన్ని వివరిస్తారే తప్ప దాని లోపాలు చెప్పరు, చెప్పకూడదు కూడా.

ఓడిపోయిన సెనేటర్ పెట్టిన నియమాలు

ఈ తరహా చర్చలకు బాగా తెలిసిన నమూనా అమెరికాలో ఆస్పెన్ ఇన్‌స్టిట్యూట్ నడిపే కాంగ్రెషనల్ ప్రోగ్రామ్. 1983లో దాన్ని మొదలుపెట్టింది డిక్ క్లార్క్. అయోవా నుంచి ఒక్క దఫా సెనేటర్‌గా ఉన్న ఆయన ఆఫ్రికా ఉపసంఘానికి అధ్యక్షత వహించారు. అంగోలా అంతర్యుద్ధంలో అమెరికా రహస్య సాయాన్ని ఆపిన 1976 చట్ట సవరణ ఆయన పేరుతోనే ఉంది. 1978లో ఓడిపోయారు. ఆయన్ను ఓడించడానికి నాటి దక్షిణాఫ్రికా వర్ణవివక్ష ప్రభుత్వం డబ్బు పంపిందన్న ఆరోపణ తర్వాత బయటికొచ్చింది. విదేశీ డబ్బు చట్టసభ దాకా ఎలా పాకగలదో సొంత ఓటమి నుంచే చూసిన మనిషి కాబట్టి, ఆయన నియమాలు అంత కచ్చితంగా ఉండటంలో ఆశ్చర్యం లేదు.

నియమాలు ఇలా ఉంటాయి. డబ్బు స్వచ్ఛంద ఫౌండేషన్ల నుంచే తీసుకుంటారు. ప్రభుత్వాలు, కంపెనీలు, లాబీయిస్టులు, విదేశీ ప్రయోజనాలు ఎవరిదీ ముట్టరు. గదిలో లాబీయిస్టులు ఉండరు. రెండు పార్టీల సభ్యులనూ పిలుస్తారు. ఎవరు ఏమన్నారో బయట చెప్పకూడదు. దీనికి మూలం లండన్‌లోని చాథమ్ హౌస్ అనే అంతర్జాతీయ వ్యవహారాల సంస్థలో 1927లో పెట్టుకున్న నియమం: విన్న విషయాన్ని వాడుకోవచ్చు, చెప్పినవాడి పేరు మాత్రం బయటపెట్టకూడదు. రాజకీయ నాయకుడు "ఇది నాకు అర్థం కాలేదు" అని అనగలిగేది అలాంటి చోటే. టీవీ డిబేట్‌లో ఆ మాట అన్న నాయకుడిని నేనైతే చూడలేదు.

నిపుణులకు అభిప్రాయాలు లేకుండా చేయడం ఎవరి తరమూ కాదు. అందుకే నిష్పాక్షికంగా ఉండే ఒక్క మనిషి కోసం వెతకరు, ఎదురెదురు వాదనలున్న నలుగురిని తెస్తారు. చైనా మీద కఠినంగా ఉండాలనేవారినీ, వ్యాపారం తెంచుకోకూడదనేవారినీ ఒకేరోజు వినిపిస్తారు.

పనిచేసిన రోజు, పనిచేయని రోజు

1991 నవంబర్. సోవియట్ యూనియన్ కూలిపోతోంది. దాని అణ్వాయుధాలు రష్యాతో పాటు ఉక్రెయిన్, కజకిస్తాన్, బెలారస్‌లలో చెల్లాచెదురుగా ఉన్నాయి. వాటిని భద్రపరచడానికీ, ధ్వంసం చేయడానికీ సాయం చేద్దామని డెమోక్రాట్లు శామ్ నన్, లెస్ ఆస్పిన్ ప్రతిపాదిస్తే కాంగ్రెస్‌లో ఎదురుగాలి వీచింది. మన ఆర్థిక పరిస్థితే బాగాలేనప్పుడు శత్రువుకు డబ్బులేమిటన్నారు. ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత కొద్ది రోజులకే హార్వర్డ్‌లో ఆష్టన్ కార్టర్ బృందం చేసిన అధ్యయనాన్ని నన్, రిపబ్లికన్ సెనేటర్ రిచర్డ్ లూగార్‌ల ముందు పెట్టారు. ఇద్దరూ కలిసి రెండు పార్టీల సెనేటర్లను ఒక బ్రేక్‌ఫాస్ట్‌కు పిలిచి అదే విషయం వినిపించారు. నెల తిరగకుండానే సెనేట్‌లో 86-8తో బిల్లు నెగ్గింది. 400 మిలియన్ డాలర్ల వరకు రక్షణ బడ్జెట్ నుంచే వాడుకోవడానికి అనుమతి వచ్చింది. తర్వాతి ఏళ్లలో ఈ కార్యక్రమం కింద 7,600కు పైగా అణు వార్‌హెడ్‌లను నిర్వీర్యం చేశారు.

ఒక్క బ్రేక్‌ఫాస్ట్‌తో జరిగిందనుకుంటే పొరపాటు. అంతకుముందు ఏళ్ల తరబడి సోవియట్ వ్యవహారాల మీద సెనేటర్లూ పండితులూ కలిసి కూర్చున్నారు, ఒకరినొకరు నమ్మే పరిచయం అప్పుడే ఏర్పడింది. విత్తనం వేసిన రోజునే పంట అడిగితే ఏ రైతూ ఇవ్వలేడు. ఇంకో మాట కూడా చెప్పాలి: 2022 తర్వాత, ఉక్రెయిన్ ఆ ఆయుధాలు వదులుకోకుండా ఉండాల్సిందని వాదించేవారు పెరిగారు. నిపుణుల చర్చ నాటి ప్రమాదాన్ని తప్పించింది, ముప్పై ఏళ్ల తర్వాతి దాన్ని ఊహించలేదు.

రెండో ఉదాహరణ 2002 అక్టోబర్. ఇరాక్ మీద బలప్రయోగానికి అనుమతిస్తూ ప్రతినిధుల సభ 296-133తో, సెనేట్ 77-23తో ఓటేశాయి. దానికి ముందు నిఘా సంస్థల 90 పేజీలకు పైబడిన రహస్య అంచనా సభ్యులు చదువుకోవడానికి అందుబాటులో ఉంది. అందులో భిన్నాభిప్రాయాలు కూడా రాసి ఉన్నాయి. పూర్తిగా చదివినవారు అతి కొద్దిమందే. నిఘా సంఘం అధ్యక్షుడిగా ఉన్న సెనేటర్ బాబ్ గ్రాహం చదివి, వ్యతిరేకంగా ఓటేశారు. సమాచారం అల్మారాలో ఉండటం వేరు, సభ్యుడి బుర్రలోకి ఎక్కడం వేరు. ఎన్నికల ముందు, యుద్ధ వాతావరణంలో, ఏ సెమినారూ దాన్ని ఎక్కించలేదేమో కూడా.

హోటల్ బిల్లు ఎవరు కట్టారు

2013 మేలో పది మంది అమెరికా ప్రతినిధులు, సిబ్బందితో కలిసి అజర్‌బైజాన్ రాజధాని బాకులో ఒక సదస్సుకు వెళ్లారు. ఆతిథ్యం ఇచ్చినట్టు కాగితాల మీద ఉన్నవి లాభాపేక్ష లేని సంస్థలు. ఆ సంస్థల వెనుక అజర్‌బైజాన్ ప్రభుత్వ చమురు కంపెనీ ఏడున్నర లక్షల డాలర్లు పెట్టిందని తర్వాత తేలింది. పైకి అది కూడా సదస్సే, పార్టీలకు అతీతమే. 2014లో అమెరికా పత్రికలు ఇంకో సంగతి బయటపెట్టాయి: పేరున్న థింక్ ట్యాంకులకు, అంటే విధానాలను అధ్యయనం చేసే సంస్థలకు కూడా విదేశీ ప్రభుత్వాల నుంచి పెద్ద మొత్తాలు వస్తున్నాయి. క్లార్క్ తరహా సమావేశాల మీదా విమర్శ లేకపోలేదు. మంచి ఊళ్లు, మంచి హోటళ్లు, వెంట జీవిత భాగస్వామి. చదువు పేరుతో విహారం అని గిట్టనివారు అంటారు. ఫోన్లు, ఓటర్లు, సభ గంటలు వీటన్నిటికీ దూరంగా తీసుకెళితేనే మూడు రోజులు కూర్చుని వింటారన్నది నిర్వాహకుల సమాధానం. రెండింటిలోనూ నిజముంది.

మన చట్టం ఈ విషయంలో కఠినం. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం చట్టసభ సభ్యులు విదేశీ విరాళం తీసుకోకూడదు. విదేశీ ఆతిథ్యం తీసుకోవాలంటే కేంద్రం ముందస్తు అనుమతి ఉండాలి. ప్రలోభాలను అడ్డుకోవడానికి ఇది అవసరమే అంటారు కొందరు. అనుమతి ఇచ్చేది ప్రభుత్వమే కాబట్టి, ప్రతిపక్ష సభ్యుడు ఎవరి మాట వినాలో కూడా ప్రభుత్వమే తేల్చినట్టవుతుందని మరికొందరి అభ్యంతరం.

గల్ఫ్ జీతాల మీద ఒక గది

మనకు దగ్గరి విషయం తీసుకుని, ఇలాంటి గదిలో ఏం జరుగుతుందో చూద్దాం. పదో తరగతి పాసవ్వనివాళ్లు గల్ఫ్‌తో సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే వలస అనుమతి కావాలి. ఆ అనుమతికి యజమాని కనీసం ఇంత జీతం ఇస్తానని ఒప్పుకోవాలి. దాన్నే రెఫరల్ వేజ్ అంటారు. 2020 సెప్టెంబర్‌లో, కోవిడ్ సమయంలో, కేంద్రం ఆరు గల్ఫ్ దేశాలకు ఈ కనీస జీతాన్ని 30 నుంచి 50 శాతం తగ్గించింది. ఖతార్, ఒమన్, యూఏఈ, బహ్రెయిన్‌లకు 200 డాలర్లు అంటే అప్పటి లెక్కలో 15 వేల రూపాయల లోపే. తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం పడింది. 2021లో కేంద్రం పాత జీతాలకే తిరిగి వచ్చింది.

జగిత్యాల వైపు ఎంపీ ఒకరు ఈ విషయం మీద గదిలో కూర్చున్నారనుకుందాం. మాజీ రాయబారి ఒకరు చెబుతారు: నేపాల్, బంగ్లాదేశ్ వాళ్లు మనకంటే తక్కువకు వస్తున్నారు, కోవిడ్ దెబ్బకు కంపెనీలు మనుషులను తీసేస్తున్నాయి, జీతం పట్టుకు కూర్చుంటే ఉద్యోగమే పోతుంది. కార్మికుల తరఫున పనిచేసేవారు వెంటనే అందుకుంటారు: కొత్తవాళ్లకు తగ్గించారు సరే, ఇప్పటికే అక్కడున్నవాళ్లను కూడా "నీ ప్రభుత్వమే ఇంత చాలంది" అని కఫీల్ (వీసా ఇచ్చిన అక్కడి యజమాని) తగ్గిస్తాడు, గ్రాట్యుటీ కూడా ఆ జీతం మీదే లెక్క కట్టేది. ఆర్థికవేత్త మూడో వైపు నుంచి వస్తారు: కనీస జీతం ఎంత పెంచితే అంతమంది విజిట్ వీసా మీదో, పేరుకే యజమాని ఉండే ఆజాద్ వీసా మీదో ఏజెంటు చేతిలో పడి వెళతారు, వాళ్లకు ఏ రక్షణా ఉండదు. గల్ఫ్ కార్మిక చట్టాలు తెలిసినవారు ఇంకో ముడి వేస్తారు: ఖతార్ 2021 మార్చి నుంచి అన్ని దేశాల వాళ్లకూ నెలకు వెయ్యి రియాళ్ల కనీస వేతనం పెట్టింది, అలాంటి చోట మన రెఫరల్ వేజ్ చేసే పనేంటి? సౌదీలో ఉద్యోగం మారే వెసులుబాటు 2021లో వచ్చింది, ఇళ్లలో పనిచేసేవారిని దాన్నుంచి తప్పించారు, మరి మన కుటుంబాల ఆడవాళ్ల సంగతి?

ఎంపీ ఈ గదిలోకి ఒక్క జవాబుతో వచ్చి ఉంటారు: జీతం తగ్గించకూడదు. బయటికి వెళ్లేటప్పుడు కూడా అదే జవాబుతో వెళ్లవచ్చు. తేడా ఏమిటంటే ఇప్పుడు విజిట్ వీసాల లెక్క అడుగుతారు, దేశం దేశానికీ వేర్వేరు కనీస జీతం ఎందుకు ఉండకూడదని అడుగుతారు. మంత్రిగారు ఒక్క వాక్యంతో దాటవేయలేని ప్రశ్నలవి.

అయితే నేను పైన కూర్చోబెట్టిన గదిలో ఒక మనిషి తక్కువ. అఖామా (అక్కడి నివాస అనుమతి) గడువు తీరి, ఔట్‌పాస్ (ఇంటికి చేరడానికి ఇచ్చే తాత్కాలిక పత్రం) మీద తిరిగొచ్చిన కార్మికుడు. నిపుణుల చర్చల మీద బలమైన విమర్శ ఇదే: డిగ్రీ ఉన్నవాడినే నిపుణుడంటారు. ఢిల్లీ, వాషింగ్టన్‌లలో అవే ముఖాలు, అవే మాటలు తిరుగుతుంటాయి, నలుగురు ఒప్పుకున్నదే సత్యంగా చలామణీ అవుతుంది. రహస్యం మీద కూడా అభ్యంతరం ఉంది. నేను ఓటేసిన మనిషి తలుపులేసుకుని ఏం విన్నాడో నాకెందుకు తెలియకూడదు? సమర్థించేవారు ఎవరు పిలిచారు, ఎవరు వచ్చారు, డబ్బెవరిది అన్నవి బహిరంగంగా పెడితే చాలు, మాటలు లోపలే ఉండాలంటారు. నాకు ఈ మధ్యేమార్గం సరైనదనిపిస్తుంది, కానీ అది ఆచరణలో నిలవాలంటే అడిగే పత్రికలు ఉండాలి.

ఇక్కడ ఉన్నవి

మన దగ్గర ఏమీ లేదనడం సరికాదు. 1943లో పుట్టిన ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ వరల్డ్ అఫైర్స్‌ను 2001లో పార్లమెంటు జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. అయితే అది నడిచేది కేంద్రం నిధులతో. పార్లమెంటుకు సొంత గ్రంథాలయ పరిశోధన విభాగం, సభ్యులకు శిక్షణ సంస్థ ఉన్నాయి. 2005లో మొదలైన పీఆర్ఎస్ సంస్థ బిల్లుల మీద పార్టీలతో పని లేకుండా నోట్లు ఇస్తుంది. దాదాపు ఏడాది పాటు ఎంపీ దగ్గర పనిచేసే యువ సహాయకులను కూడా పంపుతుంది. అమెరికా ప్రతినిధికి 18 మంది దాకా శాశ్వత సిబ్బంది ఉండవచ్చు. మన ఎంపీకి వచ్చే కార్యాలయ భత్యంతో ఒకరిద్దరిని పెట్టుకోవడమే కష్టం, ఆ ఒకరిద్దరూ రైల్వే కోటా ఉత్తరాలు, ఆసుపత్రి సిఫారసులతోనే సరిపోతారు.

హైదరాబాద్‌కు ఈ పనికి కావలసిన సామగ్రి పాతదే. అధికారులకు, మేనేజర్లకు శిక్షణనిచ్చే అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ 1956లో ఏర్పడింది, బెల్లావిస్టాలో ఉంది. ఉస్మానియా క్యాంపస్‌లో 1964లో వచ్చిన అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్‌కు దేశం నలుమూలల నుంచి పరిశోధకులు వచ్చేవారు. అమెరికా, ఇరాన్, టర్కీ, యూఏఈ కాన్సులేట్లు ఈ ఊళ్లోనే ఉన్నాయి. ఒకదానితో ఒకటి పడని దేశాల దౌత్యవేత్తలను ఇక్కడి నుంచి కదలకుండానే వినవచ్చు.

1983 నాటి వలస చట్టం స్థానంలో కొత్త బిల్లు ముసాయిదాను కేంద్రం 2025 అక్టోబర్‌లో ప్రజాభిప్రాయానికి పెట్టింది. రెఫరల్ వేజ్, ఏజెంట్ల నియంత్రణ, తిరిగొచ్చినవారి పునరావాసం వంటి చర్చలన్నీ దాని చుట్టూ తిరిగేవే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల నుంచి లోక్‌సభకు 42 మంది, రాజ్యసభకు 18 మంది వెళతారు. 31 మంది సంఘంలో వాళ్లందరికీ చోటు దొరకదు. మిగతావాళ్లు కూడా సభలో ఓటేయాల్సినవాళ్లే. దేశీయ డబ్బుతో, హైదరాబాద్‌లోనే పెట్టుకునే గదికి విదేశీ ఆతిథ్యం అనుమతి అక్కర్లేదు.